చేతిలో ఉన్నంత మాత్రాన

తిత్లీ తుఫాను దాటిపోయిన నాలుగో రాత్రి, మా పుట్టింటి నడవలో, కొవ్వొత్తి వెలుగులో మా ఆయన చాప మీద పాత్‌ఫైండర్ అనే కార్డుల ఆట ముక్కలు రెండు ఒకేసారి పెట్టాడు. ఒకటి పొడుగు కత్తి. రెండోది కాసేపటి క్రితం ఆటలో దారిలో దొరికిన మంత్రం. మా తమ్ముడు కత్తిని ఉండనిచ్చి, మంత్రం ముక్కని ఒక్క వేలితో వెనక్కి నెట్టాడు.

“రెండిట్లో ఒకటే బావా.”

“ఏటి బామ్మర్దీ, నా సేతిలో ఉన్న ముక్క నేనేసుకుంటే నీకేటి?”

“రూలు.”

“సెత్త రూలు,” అన్నాడు మా ఆయన. ఆ మాట ఇప్పటికీ అంటాడు. అప్పట్నుంచీ ప్రతి దసరాకీ మా ఇంట్లో అరిసెలు ఉన్నా లేకపోయినా ఈ తగువు మాత్రం ఉంటుంది. మొదట్లో నేనూ మా ఆయన పక్షమే. ఆ వారం తిరక్కుండానే తమ్ముడి పక్షానికి మారిపోయాను. మారినందుకు ఇన్నేళ్ళుగా మాటలు పడుతున్నాను కాబట్టి, నా వైపు వాదన ఒకసారి పూర్తిగా రాసి పెడదామని ఇది మొదలుపెట్టాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి అని తర్వాత పేపర్లో చదివాం. ఆ రాత్రి మాకు అంకెలేవీ తెలీవు. తలుపుకి అడ్డంగా రోలు దొర్లించి పెట్టడం ఒక్కటే తెలుసు. మాది శ్రీకాకుళం జిల్లా, కాశీబుగ్గకి దగ్గర్లో, కొబ్బరి జీడి తోటల ఉద్దానంలో ఒక ఊరు. సెలవులని నేనూ, మా ఆయనా, పదేళ్ళ మా గుంటా, అదే మా అమ్మాయీ, వచ్చాం. బెంగళూరు నుంచి తమ్ముడొచ్చాడు. తెల్లారి పెరటి తలుపు తీస్తే తోట ఉండాల్సిన చోట ఆకాశం కనబడింది. నాన్నకి అరవై కొబ్బరి చెట్లుండేవి, పదకొండు నిలబడ్డాయి. జీడి చెట్లు వేళ్ళతో సహా లేచి పక్కకి ఒరిగిపోయాయి. మా వీధికి కరెంటు రావడానికి పదమూడు రోజులు పట్టింది. పగలంతా కొమ్మలు నరకడం, నీళ్ళు మొయ్యడం, సెల్‌ఫోన్ చార్జింగ్‌కి జనరేటరున్న ఇంటి ముందు నిలబడటం. చీకటి పడితే మాత్రం ఎవరికీ ఏమీ తోచేది కాదు. మొదటి రాత్రే తమ్ముడు తన బ్యాగులోంచి బరువైన అట్టపెట్టె ఒకటి తీశాడు.

ముక్కలు కనబడగానే అమ్మ, “పేకాటా? ఇలాంటప్పుడా?” అంది.

“డబ్బులు పెట్టి ఆడేది కాదమ్మా.”

“డబ్బుల్లేకపోతే మరెందుకురా ఆడ్డం?” మంచం మీంచి నాన్న గొంతు. తోట చూసొచ్చిన తర్వాత ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

ఆట పేరు పాత్‌ఫైండర్ అడ్వెంచర్ కార్డ్ గేమ్. 2013లో పైజో అనే అమెరికా కంపెనీ తెచ్చింది. తయారు చేసినవాళ్ళలో ముఖ్యుడు మైక్ సెలింకర్. ఇందులో మనలో మనకి పోటీ లేదు. ఆడేవాళ్ళందరూ ఒకే జట్టు, అవతలి పక్క ఉన్నవి ముక్కల కట్టలే. ఒక్కొక్కరికీ ఒక పాత్ర, ఆ పాత్రకి పదిహేను ముక్కల సొంత కట్ట. ఎంతమంది ఆడితే అంతకి రెండు ఎక్కువ చొప్పున చోట్లు పరుస్తారు. మేం నలుగురం కనక ఆరు: అడవి, రేవు, కొట్టు ఇలాంటివి. చోటుకొక కట్ట బోర్లా ఉంటుంది. పై ముక్క తిప్పితే రాక్షసి రావచ్చు, ఆయుధమో మంత్రమో దొరకొచ్చు. దీవెనల కట్టలో ముప్పై ముక్కలుంటాయి, వంతుకొకటి తిరుగుతుంది. అవి అయిపోయేలోగా దుర్మార్గుణ్ణి పారిపోయే చోటు లేకుండా చేసి ఓడించాలి. మనిషికి ఏడెనిమిది వంతులకి మించి రావన్న మాట.

నాకు బాగా నచ్చిన సంగతి, ఇందులో ప్రాణానికి వేరే లెక్క లేదు. కట్టే ప్రాణం. దెబ్బ తగిలితే తగిలినంత మేర చేతిలోంచి ముక్కలు పారెయ్యాలి. చెయ్యి నింపుకోవాల్సి వచ్చినప్పుడు కట్టలో ముక్క లేకపోతే ఆ పాత్ర పోయినట్టే. అందుకని ముక్కని వాడుకునే పద్ధతిలోనే దాని ఖరీదు ఉంది. కొన్నిటిని చూపించి మళ్ళీ చేతిలోనే ఉంచుకోవచ్చు. కొన్నిటిని కట్ట అడుక్కి పెట్టాలి, ఎప్పటికో తిరిగొస్తాయి. కొన్నిటిని పారెయ్యాలి. కొన్ని తిన్నగా పెట్టెలోకే పోతాయి, ఇక మనవి కావు. మామూలు కత్తి చూపిస్తే చాలు. దాడి మంత్రం అలా కాదు, ఊరికే రాదు.

మా ఆయనకి వాలెరోస్ అనే యోధుడు వచ్చాడు. తమ్ముడు సియోని అనే మంత్రగత్తెని ఉంచుకున్నాడు. మా గుంట బొమ్మ బాగుందని లెమ్ అనే పాటగాణ్ణి తీసుకుంది. గాయాలు మాన్పే కైరా నాకు మిగిలింది. ఇంట్లో మందూ మాకూ నా పనే, ఇక్కడా అదే.

ఇప్పుడు తగువుకి మూలమైన రూలు. రాక్షసి ముక్క మీద ఒక అంకె ఉంటుంది. మన పాచికలు వేసి ఆ అంకె అందుకోవాలి. యోధుడి బలానికి పది ముఖాల పాచిక. కత్తిసాము వచ్చినవాడు కనక పడినదానికి 3 కలుపుకుంటాడు. కత్తి చూపిస్తే ఇంకో ఎనిమిది ముఖాల పాచిక చేరుతుంది. దాడి మంత్రం దారి వేరు. అది పాచికలు చేర్చడమే కాకుండా అసలు పాచికనే మార్చేస్తుంది. బలం పక్కకి తప్పుకుని, మంత్రవిద్య పాచిక ముందుకొస్తుంది. ‘బలంతో కొడుతున్నాను’ అని కత్తి చెప్తుంది, ‘విద్యతో కొడుతున్నాను’ అని మంత్రం చెప్తుంది. ఒక దెబ్బకి దేనితో కొడుతున్నామో చెప్పే ముక్క ఒక్కటే ఉండాలి. దీనికి తోడు ఇంకో కట్టడి: ఒక దెబ్బకి ఒక మనిషి ఒక్కో రకం ముక్క ఒక్కటే వెయ్యాలి. రెండు కత్తులు, రెండు మంత్రాలు, రెండు దీవెనలు ఒకే చేతినుంచి పడకూడదు.

మేం చేసిన పొరపాటు కూడా చెప్పుకోవాలి. మొదటి రెండు రాత్రులు కత్తి వేసినవాడు ఏ మంత్రమూ వెయ్యకూడదనుకుని ఆడాం, రెండుసార్లూ చిత్తుగా ఓడాం. మూడో రాత్రి మా గుంట ఒక మంత్రం ముక్కని కొవ్వొత్తి దగ్గరగా పెట్టుకుని, వేలుతో ఒక్కో మాటా చదువుతూ, “మావయ్యా, ఇందులో కొట్టడం గురించి లేదు కదా, కలపమని ఉంది” అంది. నిజమే. బలం పెంచేవి, పాచిక కలిపేవి అయిన సాయం మంత్రాల్ని కత్తితో పాటు శుభ్రంగా వేసుకోవచ్చు. దేనితో కొడుతున్నామో అవి చెప్పవు. కొట్టేవాడికి చెయ్యి అందిస్తాయంతే. తమ్ముడు ఇంజనీరు, నేను లెక్కల టీచర్ని, ఇద్దరం రెండు రాత్రులు ఆ ముక్కని అన్నిసార్లు పట్టుకున్నాం గాని చదవలేదు.

మా ఆయనది పురుగుమందుల కొట్టు. అతని భాషలోనే చెప్తే ఎక్కుతుందని, “తెగుళ్ళకి కొట్టే బోర్డో మిశ్రమంలో పురుగుమందు కలపొద్దని రైతులకి మీరే చెప్తారు కదా. మామూలు మందైతే జిగురు కలుపుకోమనీ మీరే చెప్తారు. జిగురు పురుగుని చంపదు, మందుని ఆకుకి అంటిపెడుతుంది. సాయం మంత్రమంటే జిగురు” అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. అతను తల పైకెత్తకుండానే, “కలపకూడనివి కొన్నే. రెండేసి మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టేవోళ్ళు బోల్డుమంది. పంట పోతాదని బయమేస్తే ఎవుడైనా రెండూ పోస్తాడు” అన్నాడు. అక్కడితో నా ఉపమానం చచ్చిపోయింది. ఆఖరి మాట మాత్రం నిలిచింది. రెండూ ఒకేసారి వెయ్యాలనిపించడం అత్యాశ వల్ల కాదు, భయం వల్ల. నాలుగు రోజుల కింద తోట పోయిన ఇంట్లో కూర్చుని ఆ మాట వింటే కాదనడానికి నోరు రాలేదు.

సరే, ఆ నాలుగో రాత్రి. ఎదురైన రాక్షసి అంకె 14. మంత్రం వెనక్కి పోయింది, మా ఆయన కత్తి ఒక్కటే చూపించి పాచికలు వేశాడు. పది ముఖాలది 4 పడింది. ఎనిమిది ముఖాలది 3. కలుపుకునే 3తో మొత్తం 10. నాలుగు తక్కువ, అంటే నాలుగు ముక్కలు పోవాలి. అతని చేతిలో ఉన్నవే నాలుగు. వేసిన కత్తీ, వెయ్యనివ్వని మంత్రమూ, తక్కిన రెండూ కలిసి పారేసిన కుప్పలోకి వెళ్ళాయి.

“ఏసుంటే ఒకటే పోను. ఎయ్యనివ్వలేదు, నాలుగూ పోనాయి,” అన్నాడు. అతని వాదనల్లో అన్నిటికంటే గట్టిది ఇదేననుకుంటాను. పోయేదెలాగూ పోతుంది, పనికొచ్చి పోవచ్చు కదా?

మర్నాడు పొద్దున్న నీళ్ళకోసం లైన్లో నిలబడి మళ్ళీ అదే గొడవ. ఈసారి పురాణాలు దిగాయి. మన యుద్ధాల్లో ఆయుధం, మంత్రం ఎప్పుడైనా విడిగా ఉన్నాయా? అర్జునుడు బాణం సంధించి మంత్రం జపిస్తేనే అస్త్రం. ఉత్తి బాణానికి ఆ శక్తి లేదు. కర్ణుడి చేతిలో విల్లుంది, అమ్ములపొదిలో బాణాలున్నాయి, పరశురాముడి శాపంతో సమయానికి మంత్రం గుర్తుకు రాలేదు, పోయాడు. ఇలాంటివి వింటూ పెరిగినవాళ్ళకి ‘కత్తా, మంత్రమా, ఒకటి తేల్చుకో’ అంటే వింతగానే ఉంటుంది. మా ఆయన తప్పు లేదు.

కాని ఆ కథల్నే ఇంకొంచెం దగ్గరగా చూడండి. కాకాసురుడి మీద రాముడు ప్రయోగించింది దర్భపుల్లని. అశ్వత్థామ చేతిలో ఉన్నది ఒక గడ్డిపోచ. గడ్డిపోచకి పదునుందా, బరువుందా? దాని పదును మంత్రానికి కలిసిందని ఎవరూ అనరు. మంత్రం దిగాక చేతిలో ఉన్నది బాణమైనా గరికైనా ఒకటే. అంటే అక్కడ జరిగింది కూడిక కాదు, మార్పిడి. దెబ్బ మంత్రానిది, పుల్ల దానికి వాహనం. ఆటలో రూలూ అదే చెప్తోంది. అస్త్రం వేస్తావా, వెయ్యి, కత్తి పాచిక పక్కన పెట్టు.

ఇంకో పోలిక నాకు ఆడుతూ ఉండగా తట్టింది. ఆటలో దాడి మంత్రం వేసిన తర్వాత విద్య వచ్చినవాళ్ళు మరో పరీక్షకి నిలబడొచ్చు. అంకె అందితే ఆ మంత్రం కట్ట అడుక్కి వెళ్తుంది, మళ్ళీ చేతికొచ్చే ఆశ ఉంటుంది. విద్య రానివాడు వేస్తే ముక్క పెట్టెలోకే పోతుంది. పైగా రానివాడి పాచిక నాలుగు ముఖాలది. అర్జునుడూ అశ్వత్థామా ఎదురెదురుగా బ్రహ్మాస్త్రాలు వదిలి, ఋషులు ఉపసంహరించమంటే, అర్జునుడు వెనక్కి తీసుకోగలిగాడు. అశ్వత్థామకి వేయడమే వచ్చు, తీయడం రాదు. వాలెరోస్ చేతిలో మంత్రం సరిగ్గా అంతే. మా ఆయన్ని అశ్వత్థామతో పోల్చినందుకు ఆ పూట నాతో మాట్లాడలేదు.

మధ్యాహ్నం ఎండలో దుప్పట్లు ఆరేసి, తమ్ముడి నోట్‌బుక్ వెనక అట్ట మీద లెక్క వేశాను. పిల్లలకి సంభావ్యత చెప్పేటప్పుడు నాణెం ఎగరేసి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఇది నిజంగా తెలుసుకోవాలనిపించిన లెక్క.

14లో 3 ముందే ఉంది కనక పాచికల మీద 11 రావాలి. కత్తి ఒక్కటే అయితే, పది ముఖాలదీ ఎనిమిది ముఖాలదీ కలిసి 80 రకాలుగా పడొచ్చు. అందులో నెగ్గేవి 36. అంటే వందకి 45. ఓడిపోవడం వింతేమీ కాదు. మా ఆయన కోరినట్టు మంత్రం తాలూకు రెండు నాలుగు ముఖాల పాచికల్ని దానికి కలిపేస్తే 1,280లో 1,100, వందకి 86. అతని కోరికకి కారణం ఉంది మరి.

ఇప్పుడు రూలు ఒప్పుకునే దారి. వంతులు లెక్కపెట్టే కట్టలోవే కాక మన చేతుల్లోనూ దీవెనలుంటాయి. అలాంటి దీవెన ముక్క వేస్తే, కొట్టేవాడు వాడుతున్న పాచికే ఇంకోటి వస్తుంది. అతనికి ఇంకో పది ముఖాలది. 800లో 680. వందకి సరిగ్గా 85.

ఎనభై ఆరు, ఎనభై అయిదు. రెండోసారి కూడా కూడి చూశాను. రూలు అతనికి వద్దన్న లాభమూ, పక్కన కూర్చున్న మనిషి ఇవ్వగలిగిన లాభమూ ఒక్క పాయింటు తేడాలో ఉన్నాయి. అన్ని రాక్షసులకీ అన్ని మంత్రాలకీ ఇంత చక్కగా కుదరదు, అది ఒప్పుకుంటాను. దీవెన ఎవరిది వాళ్ళు కూడా వేసుకోవచ్చు, అదీ నిజమే. కాని ఆ రాత్రి అతని చేతిలో దీవెన లేదు.

నా చేతిలో ఉంది.

నేను వెయ్యలేదు. నా వంతులో దాన్ని పారేస్తే ఇంకో ముక్క తిప్పుకోవచ్చని దాచుకున్నాను. అతను అడగలేదు, అడగాలని తోచలేదు. బావా బామ్మర్దులు మంత్రం ముక్కని అటూ ఇటూ నెట్టుకుంటుంటే నేను నవ్వుతూ చూశాను. లెక్క తేలాక ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా నోట్‌బుక్ మూసేశాను. సాయంత్రానికి చెప్పేశాననుకోండి.

మరి మా గుంట సంగతి? లెమ్ ఒక ముక్క తన కట్ట అడుక్కి పెట్టి ఇంకొకరి దెబ్బకి నాలుగు ముఖాల పాచిక ఒకటి ఇవ్వగలడు. అదొక్కటి పడినా 320లో 220, వందకి 69. పాటా దీవెనా రెండూ పడితే 94. కాని పాట వినబడాలంటే ఇద్దరూ ఒకే చోట ఉండాలి. వాలెరోస్ అడవిలో, లెమ్ రేవులో. దీవెన ఎంత దూరం నుంచైనా పనిచేస్తుంది, పాట చెయ్యదు. ఇది విని నాన్న గోడవైపు తిరిగి పడుకునే, “పాపారాయుడు రాజాంలో ఉండిపోయినట్టు” అన్నాడు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు సేన బొబ్బిలి కోట మీద పడ్డప్పుడు తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. అతను వచ్చేసరికి కోట లేదు. ఆ తర్వాత గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచాడు గాని, అది వేరే దెబ్బ, వేరే లెక్క. మా గుంటకి ఆ కథంతా ఆ రాత్రే తాతయ్య చెప్పాడు. అప్పట్నుంచీ అది ఎక్కడికి కదలాలన్నా ముందు “నాన్న ఎక్కడున్నాడు?” అని చూసుకుని కదిలేది.

ఆరో రాత్రి తమ్ముడికి విసుగొచ్చింది. “సరే బావా, నీ రూలే. ఇవాళ రెండూ వేసుకో.” అందరం ఒప్పుకున్నాం. నేను మనసు మార్చుకున్నది లెక్క వల్ల కంటే ఈ రాత్రి వల్లే.

మొదటి అరగంట పండగలా గడిచింది. మా ఆయన కత్తి చూపిస్తాడు, పక్కనే మంత్రం పెడతాడు, గుప్పెడు పాచికలు దొర్లిస్తాడు, రాక్షసి పడిపోతుంది. తర్వాత గమనిస్తే మేం ముగ్గురం అతని పాచికల వైపే చూడటం మానేశాం. పడతాయని తెలుసు. అతనికి మా అవసరం లేదు కనక మా చేతుల్లో ఏమున్నాయో అతను అడగడు, అడగడు కనక మేమూ చెప్పం. మంత్రాలన్నీ అతనికే ఇచ్చేస్తే మేలు కదా అని తమ్ముడు కూడా తన చోట దొరికినవి అటు పంపడం మొదలుపెట్టాడు. నాకు మాన్పడానికి గాయాలు లేవు. మా గుంట రెండుసార్లు “నేను పాట పాడనా?” అంది, రెండుసార్లూ “అక్కర్లేదమ్మా, సరిపోద్ది” అన్నాడు. మూడోసారి అడగలేదు. కాసేపటికి లేచి వెళ్ళి అమ్మమ్మ పక్కన పడుకుంది. ఆట గెలిచాం. ఆ ఎనిమిది రాత్రుల్లో అంత తేలిగ్గా గెలిచింది అదొక్కటే, మర్నాడు ఎవరూ దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఓడిన నాలుగో రాత్రి గురించి మాత్రం ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాం.

దీనికి మా ఆయన సమాధానం, రాక్షసుల అంకెలు పెంచేస్తే సరి అని. 14 ఉన్నచోట 20 పెడితే రెండూ వేసుకున్నా భయం ఉంటుంది. లెక్కగా చూస్తే నిజమే, అంకెతో భయం పెంచొచ్చు. కాని భయపడ్డవాడు పక్కవాడి వైపు తిరగాలంటే వాడి చేతిలో లేనిది ఏదో ఒకటి ఉండాలి. కత్తీ మంత్రమూ రెండూ తనే వేసుకోగలిగినవాడు 20కి ఇంకో పెద్ద కత్తి వెతుక్కుంటాడు, రేవులో ఉన్న పాటగాణ్ణి పిలవడు. ఈ కట్టడి మనిషికే గాని జట్టుకి లేదన్నది చాలామంది గమనించరు. నేను ఒక దీవెనే వెయ్యాలి, కాని నలుగురం తలోటి వెయ్యొచ్చు. ఒక చేతికి తాళం వేసి, నాలుగు చేతులకి తలుపు తీసి ఉంచారు.

కొన్నిచోట్ల రూలు చికాకు పెడుతుంది, కాదనను. మంత్రం తగిలితే తప్ప చావని దయ్యాలు ఎదురవుతాయి. అప్పుడు మామూలు కత్తి ఎంత బాగా పడినా దండగే. కత్తికి కాస్త మంత్రం అద్దితే సరిపోయేదానికి, ఇంకో మనిషి సాయం మంత్రం కోసం కాచుకోవాలి. ఇలాంటప్పుడు రూలు కోసం కథ వంగినట్టే ఉంటుంది. 2019లో ఈ ఆటకే కొత్త మూల పెట్టె (కోర్ సెట్) వచ్చినప్పుడు తమ్ముడు అదీ కొన్నాడు. అందులో కూడా రకానికి ఒకటే అన్న కట్టడి ఉంచారు, కాకపోతే కొన్ని ముక్కలు ఆ లెక్కలోకి రాకుండా వేసుకోవచ్చని ముక్క మీదే రాశారు. మా ఆయన దాన్ని తన గెలుపుగా చెప్పుకుంటాడు.

2016లో వచ్చిన ఆర్కమ్ హారర్ కార్డ్ గేమ్ కూడా ఒకటి రెండుసార్లు ఆడాం. అందులో తుపాకీ చేతుల్లో ఉంటుంది, మంత్రానికి వేరే చోటుంటుంది, రెండూ ఒకేసారి మన దగ్గర ఉండొచ్చు. అయినా ఒక్కో దెబ్బ ఒక్కదానితోనే. అదే చోటున్న తక్కినవాళ్ళు తలో ముక్క సాయం వేస్తారు. ఆ ఆట మాకంతగా పట్టుబడలేదు గాని, రూలు చూసి మా ఆయన “ఈళ్ళూ అంతేనా?” అన్నాడు.

వాదన తేల్చింది నేనూ కాదు, తమ్ముడూ కాదు. ఏడో రాత్రి మళ్ళీ అసలు రూలుకి వచ్చాం. మొదటి దెబ్బకే మా ఆయన రెండు ముక్కలూ పెట్టాడు, అలవాటు ప్రకారం. తమ్ముడు వేలు ఎత్తేలోగా మంచం కిర్రుమంది. నాన్న లేచి కూర్చున్నాడు.

“అల్లుడుగారూ, మీరు తురుపు ఆడతారు కదా. రంగుండగా తురుపు కొట్టనిస్తారేటి?”

“లేదు మావయ్యా.”

“సేతిలో ఉంటాది కదా మరి.”

మా ఆయన ఏమీ అనలేదు. మావగారి ముందు ఏమంటాడు? నాన్న తురుపు ఆడిన రోజులు నాకు గుర్తున్నాయి. కొట్టు అరుగు మీద నలుగురు, ఎదురుగా కూర్చున్నవాడు జత. జతకి కన్ను గీటినా ఒప్పుకునేవారు కాదు. చేతిలో తురుపు మెరుస్తున్నా, అడిగిన రంగు ఉంటే అదే వెయ్యాలి. ఎదుటివాడి చేతిలో ఏముందో ఊహించుకుని, వాడు లాగుతాడని నమ్మి చిన్న ముక్క వదలాలి. మేం అమెరికా రూలు అనుకుని రాద్ధాంతం చేస్తున్నది, అరుగుల మీద పేక కలిపినవాళ్ళకి మొదటి రోజే వచ్చే పాఠం.

ఆ రాత్రి నాన్న మంచం దిగి చాప మీదకి వచ్చాడు. మా గుంట నిద్రకి తూలుతోందని లెమ్ ముక్కలు ఆయన తీసుకున్నాడు. అల్లుడు కత్తి చూపించడం ఆలస్యం, “పాట” అని కట్ట అడుక్కి ఒక ముక్క తోసి, నాలుగు ముఖాల పాచిక తనే అతని చేతిలో పెట్టేవాడు. అవసరం ఉన్నా లేకపోయినా పెట్టేవాడు. ముక్కలు దండగ చేస్తున్నావని తమ్ముడు మొత్తుకున్నా వినలేదు. ఆ రాత్రి దీవెనలు అయిపోయి ఓడిపోయాం. పొద్దున్నే మొదటిసారి నాన్న తోటలోకి వెళ్ళి, పడిపోయిన చెట్ల కాయలు ఏరించడం మొదలుపెట్టాడు. ఆటకీ దానికీ సంబంధం కట్టడం నాకిష్టం లేదు. కాయలు కుళ్ళిపోతాయని అమ్మ రెండ్రోజులుగా చెప్తూనే ఉంది.

మా గుంట ఇప్పుడు విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటోంది. మొన్న దసరాకి పరీక్షలని రాలేదు. ఫోన్ చేసి మొదట అడిగింది, “నాన్న ఇంకా రెండూ పెడుతున్నాడా?” అని. పెడుతున్నాడు. తమ్ముడు వేలితో నెడుతూనే ఉన్నాడు. పొడుగు కత్తి ముక్క వెనక ఆ నాలుగో రాత్రి పడ్డ మైనం మరక గోకినా పూర్తిగా పోలేదు. కట్టలో అది ఎక్కడుందో, ఇంకెన్ని ముక్కల తర్వాత వస్తుందో మా ఆయనకి వెనకనుంచే తెలిసిపోతుంది. ముక్కలకి ప్లాస్టిక్ కవర్లు కొంటానని తమ్ముడు ఏటా అంటాడు. కొననివ్వొద్దని మా ఆయన ఏటా నాకు రహస్యంగా చెప్తాడు.